రేడియో బాట, వెలుగు బాట: మిశ్రమ పునఃప్రసార వ్యవస్థలను గూర్చిన పరిశోధనలపై ఒక విమర్శ

తెలుగు పాఠములు చెప్పుకొనువాడు విద్యుత్తరంగ శాస్త్రమును విమర్శింపబూనుట సాహసమని కొందఱకు తోచవచ్చును. కాని శాస్త్రవ్యాసము కూడ ఒక రచనయే. దానిలో ప్రతిజ్ఞ యుండును, హేతువుండును, ఉదాహరణముండును, తుదకు నిర్ణయముండును. వీనిలో ఏది బలముగా నున్నది, ఏది సడలినది యని చూచుటకు మాటలను జాగ్రత్తగా చదువు అలవాటు కొంత తోడ్పడును. ఆ నమ్మకముతోనే ఈ వ్యాసమును పాఠకుల ముందుంచుచున్నాను.

దీనికి కారణమైన సంగతి చిన్నది. దక్షిణ ఒడిశాలో నేను పనిచేయు తెలుగు పాఠశాలలో చదివిన విద్యార్థి యొకడు ఇప్పుడు ఇంజనీరింగు విద్యలో నున్నాడు. రేడియోతోను, కాంతితోను కలిపి నడపు వార్తావ్యవస్థలు ఇతర ప్రసారముల తాకిడికి ఎట్లు తట్టుకొనునో తెలుపు వ్యాసములను కొన్నింటిని వాడు సెలవులలో తెచ్చెను. "మాస్టారూ, మన సంఘములో దీనిని గుఱించి మాటాడమనుచున్నారు. కాని ఇది తెలుగులో చెప్పుటకు లొంగదు" అనెను. వాడి మాట నన్ను బాధించినది. ఆ సెలవులలో ఇద్దఱము కూర్చుండి ఆ వ్యాసములను చదివితిమి. చదివిన కొలది నాకు తెలిసినదేమనగా, వానిలో తెలుగునకు లొంగనివి మిక్కిలి తక్కువ. తెలుగులో చెప్పబోవునప్పుడు బయటపడు లోపములు మాత్రము కొన్ని కలవు.

ముందుగా విషయమును స్పష్టపఱచవలెను. వార్తను కాంతిపై నెక్కించి గాలిలో పంపుట క్రొత్త ఊహ కాదు. 1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ అనువారు వాషింగ్టనులో మనుష్యుని కంఠధ్వనిని సూర్యకిరణముపై సుమారు 213 మీటర్ల దూరము పంపిరి. మాటాడినప్పుడు పలుచని అద్దము కంపించును. దానిచే ప్రతిఫలించిన వెలుతురు మాటననుసరించి మాఱును. ఆవలి గట్టున సెలీనియము ఆ మార్పును విద్యుత్తుగా మార్చును. టెలిఫోను కంటె దీనినే తన గొప్ప సృష్టిగా బెల్ తలచెను. కాని మబ్బు పట్టినచో మాట ఆగిపోయెడిది. నూటనలుబదియేండ్లు గడచినను, సూర్యకిరణమునకు మాఱుగా లేజరు వచ్చినను, ఆ మబ్బు పీడ పూర్తిగా తొలగలేదు.

కాంతి బాటకు రెండు గొప్ప గుణములు కలవు. ఒకటి విశాలత, గాజుతీగ, అనగా ఫైబరు, మోయు భారమునకు దగ్గఱగా అది మోయగలదు. రెండవది సూక్ష్మత, కిరణము కోణములో ఒక మిల్లీరేడియను విచ్చుకొన్నచో కిలోమీటరు దూరమున దాని వెడల్పు ఒక మీటరు మాత్రమే. కావున ప్రక్కవాని కిరణము మన గ్రాహకములో పడుట అరుదు. రేడియో అట్లు కాదు. అది విశాలముగా వ్యాపించును, గోడల చాటునకును వంపు తిరిగిన దారికిని పోవును, చేతిలోని ఫోనును చేరును. కాని అదే పౌనఃపున్యముపై మాటాడు ఇతరుల మాటలును దానిలో వచ్చి పడును. ఈ రెండింటి గుణములను కలుపుకొనుటయే మిశ్రమ వ్యవస్థ యొక్క ఆశయము.

ఇచ్చట నా మొదటి ఆక్షేపణ. "మిశ్రమము" అను నొకే మాటతో ఈ పరిశోధనలు రెండు వేఱు వస్తువులను పిలుచుచున్నవి. ఒకదానిలో రేడియో, కాంతి రెండును ఒకే చోటు నుండి ఒకే చోటికి ప్రక్కప్రక్కన నడచును. ఒకటి చెడినపుడు రెండవది పనిచేయును. దీనిని జంటబాట యందము. రెండవదానిలో వార్త మొదట రేడియోపై ఒక మజిలీ చేరి, అక్కడి పునఃప్రసార కేంద్రము నుండి, అనగా రిలే నుండి, కాంతిపై రెండవ మజిలీకి పోవును. దీనిని వరుసబాట యందము. ఈ రెండింటి ఫలితములు ఒకదాని కొకటి విరుద్ధములు. ఒక్కొక్క బాట నూఱు సమయములలో ఒక సమయము తెగునని అనుకొందము. జంటబాటలో రెండును ఒకేమాఱు తెగినప్పుడే వార్త ఆగును. అవి పరస్పరము సంబంధము లేనివైనచో అది 10,000లో 1 మాత్రమే. వరుసబాటలో ఏది తెగినను వార్త ఆగును. అది 10,000లో 199, అనగా ఇంచుమించు రెట్టింపు. ఒకటి బలమును పెంచు కూడిక. మఱియొకటి బలహీనతను పెంచు కూడిక. రెండింటికిని ఒకే పేరుండుటచే, ఒకదానిని గూర్చి చెప్పిన ప్రశంసను చదువరి రెండవదానికి గూడ అన్వయించుకొను ప్రమాదము కలదు.

జంటబాటకు ఆధారమైన ప్రకృతి ధర్మము మనోహరమైనది. పొగమంచు బిందువులు మిక్కిలి సూక్ష్మములు. వాని పరిమాణము కాంతి తరంగము యొక్క పొడవునకు దగ్గఱగా నుండుటచే అవి కాంతిని చెదరగొట్టును. వాన చినుకులు మిల్లీమీటరు పరిమాణము గలవి. అవి మిల్లీమీటరు పొడవు గల రేడియో తరంగములను ఎక్కువగా హరించును. మంచు కాంతికి శత్రువు, జడివాన మిల్లీమీటరు రేడియోకు శత్రువు. దట్టమైన మంచును జడివానయు ఒకేమాఱు వచ్చుట అరుదు గనుక ఒకటి పడిపోయినప్పుడు రెండవది నిలుచును. దీనిలో అతిశయోక్తి లేదు.

ఇక వరుసబాటకు వత్తము. రిలేను గూర్చిన సిద్ధాంతమునకు వాన్ డెర్ మ్యూలెన్ 1971లో పునాది వేయగా, కవర్, ఎల్ గమాల్ అనువారు 1979లో దానిని విస్తరించిరి. రేడియో మజిలీని కాంతి మజిలీతో జోడించిన వ్యవస్థను లీ, పార్క్, హాన్, యూన్ అను నలుగురు 2011లో గణించిరి. 2013లో అన్సారీ, యిల్మాజ్, అలూనీ అనువారు కిరణము గుఱి తప్పుటవలన కలుగు నష్టమును ఆ లెక్కలోనికి తెచ్చిరి. తరువాత ఇతర ప్రసారముల తాకిడిని గూడ చేర్చి వ్రాసినవారు పెక్కురు. ఈ వరుసలో ప్రతి వ్యాసము పూర్వపు వ్యాసమునకు ఒక చిక్కును చేర్చును. ఆ చిక్కుతో గూడ సూత్రము తేలునని నిరూపించును.

తాకిడి యన్నప్పుడు మాటను గూర్చి ఒక మాట. ఆంగ్లములో దీనికి వాడు పదమునకు మన భౌతికశాస్త్ర గ్రంథములు "వ్యతికరణము" అని వ్రాయుచున్నవి. ఆ మాట రెండు కాంతి తరంగములు కలిసి వెలుగునీడల చాఱలేర్పడుటకు చక్కగా సరిపోవును. ఇచ్చటి సంగతి వేఱు. ఇది పొరుగువాని వార్త మన చెవిలో పడుట. చిన్ననాట మా యింట రాత్రివేళ మీడియం వేవుపై విజయవాడ కేంద్రము వినుచుండగా మఱియొక కేంద్రము పాట దానిలో చొఱబడుట నాకు జ్ఞాపకము. అది రొద కాదు. అది యెవరికో ప్రియమైన పాట. రాత్రి పైఆకాశపు పొరలు దూరపు తరంగములను క్రిందికి మరల్చుటచే మాకది అడ్డమైనది. కావున దీనిని నేను "పరసంకేతము" అందును. అర్థము లేని శబ్దము రొద. పరునకు అర్థవంతమైన శబ్దము పరసంకేతము. ఈ భేదమును గుర్తించినచో తరువాతి గణితము సులభముగా బోధపడును.

రేడియో మజిలీలో మన సంకేతము రొద కంటె 100 రెట్లు బలముగా నున్నదనుకొందము. రొదకు 9 రెట్ల బలము గల పరసంకేతములు వచ్చి పడినవి. అప్పుడు మన సంకేతము నూటిని రొదయు పరసంకేతములును కలిసిన పదిచే భాగింపవలెను; మిగులునది 10. బలము పెంచినచో సరిపోదా యని అడుగవచ్చును. మనము పదిరెట్లు పెంచితిమి. పొరుగువారును పదిరెట్లు పెంచిరి. ఇప్పుడు 1,000ని 91చే భాగింపగా వచ్చునది 11కు లోపు. అందఱును ఎంత పెంచినను ఈ నిష్పత్తి నూటిని తొమ్మిదిచే భాగించిన 11.1ని దాటదు. రొద మాత్రమే యున్నచోట గొంతు పెంచుట మందు; పరసంకేతములున్నచోట అది మందు కాదు. ఈ వ్యాసములన్నింటి సారము ఇదియే యని నా యభిప్రాయము. వక్రరేఖలు మొదట దిగి, తరువాత ఒక మట్టమున నేలకు సమాంతరముగా సాగిపోవుటను ప్రతి వ్యాసములోని పటమును చూపును. కారణమును ఇంత తేటగా చెప్పిన పేరా మాత్రము మా కంటబడలేదు.

రిలే చేయు పని రెండు విధములు. ఒకటి విన్నదానిని విన్నట్లే పెద్దది చేసి పంపుట; దానిలో వార్తతోపాటు రొదయు పెరుగును. రెండవది విన్నదానిని అర్థము చేసికొని, తప్పులను దిద్ది, మరల స్వచ్ఛముగా పలికి పంపుట. రెండు మజిలీలలోను నిష్పత్తి 100 చొప్పున నున్నదనుకొన్నచో, మొదటి విధమైన రిలేలో తుది నిష్పత్తి ఆ రెండింటి లబ్ధమును వాని మొత్తమునకు ఒకటి చేర్చిన సంఖ్యచే భాగించిన ఫలము. అనగా 10,000 భాగము 201, ఇంచుమించు 50. సగము పోయినది. రెండవ విధములో నూఱును నిలుచును. ఇంతవరకు రెండవదే మేలు.

పరసంకేతములు చేరినప్పుడు కథ మాఱును. రేడియో మజిలీలో నిష్పత్తి 10కి దిగినది. కాంతి మజిలీలో 100 అట్లే యున్నది. మొదటి విధమైన రిలే 1,000 భాగము 111, అనగా 9 ఇచ్చును. రెండవ విధము 10 మించి ఇయ్యజాలదు. భేదము స్వల్పము. కాంతి మజిలీని పదిరెట్లు బాగుచేసి 1,000 చేసినను మొదటి విధము 9.9కి చేరును గాని పదిని దాటదు. కావున రిలే విన్నదానిని పెంచవలెనా, తిరిగి పలుకవలెనా యను తర్కముపై పుటలు నింపుట కంటె, రిలే చెవిని బాగుచేయుట మేలు: పెక్కు యాంటెన్నాలను నిలిపి పరసంకేతము వచ్చు దిక్కును మాత్రము మఱుగుపఱచుట, పొరుగువారితో ఒప్పందము చేసికొని వేళలను పౌనఃపున్యములను పంచుకొనుట. వెలుగు బాట ఎంత విశాలమైనను, దానిపైకి ఎక్కునది రేడియో మజిలీలో మిగిలినదే గదా.

నా రెండవ ఆక్షేపణ కాంతి మజిలీని చిత్రించిన తీరుపై. ఎక్కువ వ్యాసములు 2001లో అల్ హబాష్, ఆండ్రూస్, ఫిలిప్స్ అనువారు ప్రతిపాదించిన గామా–గామా నమూనాను గ్రహించుచున్నవి. అది చక్కని నమూనాయే. ఎండకు కాగిన నేలపై గాలి మెలికలు తిరుగుటచే కిరణము మిణుకుమిణుకుమనుటను అది వర్ణించును. కాని అది నిర్మలాకాశపు చలనము. పొగమంచు దానిలో లేదు. మంచు సంగతిని కొందఱు ఒక స్థిరాంకముగా చేర్చి ముందునకు సాగుదురు, కొందఱు విడిచిపెట్టుదురు. దాని పరిమాణమెంతయో చూడుడు. దృష్టి 100 మీటర్లకు మించి ఆననప్పుడు కాంతి కిలోమీటరునకు సుమారు 170 డెసిబెళ్లు క్షీణించును. ప్రతి పది డెసిబెళ్లకు బలము పదవ వంతగును. అనగా ఒకటి తరువాత పదునేడు సున్నలు గల సంఖ్యచే భాగించినట్లు. దీనిని ఏ లేజరు బలమును పూరింపజాలదు. దృష్టి ఇరువది కిలోమీటర్లు ఆను నిర్మలదినమున ఆ క్షీణత కిలోమీటరునకు ఒక డెసిబెలు లోపే.

కాలము విషయములో గూడ ఇట్టి పొరపాటే కలదు. మిణుకు మిల్లీసెకనులలో వచ్చిపోవును. మంచు గంటలతరబడి నిలుచును. రెండింటిని ఒకే సగటులో చేర్చి "వార్త తెగు సంభావ్యత ఒక శాతము" అన్నచో ఏమి తెలిసినట్లు? ఒక శాతము ఏడాదికి 87.6 గంటలు. అది ఏడాది పొడవున మిల్లీసెకనులుగా చెదరియున్నచో తప్పులను దిద్దు సంకేతపద్ధతులచే దానిని సవరింపవచ్చును. వినువాడు గుర్తింపనైన గుర్తింపడు. అదే 87.6 గంటలు పుష్యమాసపు ఉదయములలో కుప్పగా వచ్చినచో, ఆ వేళలందే వైద్యుని పిలువవలసిన కొండయూరికి ఆ వ్యవస్థ లేనట్లే. కోరాపుట్టు కొండలలోగాని, అరకు, లంబసింగి ప్రాంతములలోగాని చలికాలపు తెల్లవాఱుజామును చూచినవారికి ఈ మాట వివరింపనక్కఱలేదు. సంభావ్యత యొకటే, జీవితములు రెండు.

ఇది కేవలము గ్రంథచర్చ కాదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబరు సంస్థకు 2,000 కాంతి బంధములను ఇచ్చుటకు ఆల్ఫాబెట్ వారి ఎక్స్ అను ప్రయోగశాల ఒప్పందమును ప్రకటించినది. ఫైబరు త్రవ్వుటకు వీలుకాని చోట్లకు వెలుగునే తీగగా వేయుట దాని యుద్దేశము. ఆ ప్రయోగశాలలోనే పెరిగిన తారా అను ప్రణాళిక 2021లో ఆఫ్రికాలోని కాంగో నదిపై బ్రాజవిల్, కిన్షాసా నగరముల నడుమ 4.8 కిలోమీటర్ల వెలుగు బాటను నడపెను. నదిని చుట్టివచ్చు ఫైబరు మార్గము 400 కిలోమీటర్లకు పైబడినది. ఇరువది దినములలో సుమారు 700 టెరాబైట్ల సమాచారము 99.9 శాతము లభ్యతతో దాటినదని వారు ప్రకటించిరి. ఇది గొప్ప విజయమే. ఇరువది దినములలో వెయ్యవ వంతు అఱగంటకు లోపే. కాని ఇరువది దినములు ఒక సంవత్సరము కాదు. అన్ని ఋతువులును వానిలో నిమిడియుండవు. ఫలితమును చెప్పునప్పుడు శాతముతోపాటు ఋతువును, వేళను, తెగిన ప్రతి తెఱపి యెంతసేపున్నదియు చెప్పుట మర్యాద.

మూడవది శైలిని గూర్చినది. ఈ వ్యాసముల తుది సూత్రములు తఱచు 1930ల దశాబ్దిలో డచ్చి గణితవేత్త మెయ్యర్ నిర్మించిన జి-ఫలముతో ముగియును. దానిని సాధించుటలో శ్రమయు నేర్పును కలవు. నేను చులకన చేయను. కాని మన ఆలంకారికులు నారికేళపాకమనునది ఇట్టిదే: టెంకాయను కొట్టవలెను, పీచు తీయవలెను, అప్పటికి గాని రుచి తెలియదు. పెక్కుమంది రచయితలు టెంకాయను మన చేతిలో పెట్టి వెళ్లిపోవుదురు. కొందఱు మాత్రము సంకేతబలము మిక్కిలి పెరిగినప్పుడు ఆ సూత్రము ఏ సరళరూపమునకు దిగునో చూపి, ఏ మజిలీ తుదిఫలమును శాసించునో ఒక వాక్యములో చెప్పుదురు. వారే ఈ రంగములో మంచి రచయితలు. 2007లో ఫరీద్, హ్రానిలోవిక్ అనువారు గుఱి తప్పుటను గూర్చి వ్రాసినది అట్టిది. కిరణపు వెడల్పు, గ్రాహకపు వెడల్పు, ఊగుట, ఈ మూడింటి సంబంధమును భౌతికముగా ఊహించుకొనుటకు దానిలో వీలు కలదు. భవనములు గాలికి ఊగును. ఊగునని చెప్పిన సూత్రము చదువరికి కనబడును.

నాలుగవదియు కలదు. సూత్రము తేలుటకై పరసంకేతములన్నియు సమబలము గలవని, సంఖ్య మాఱదని, ఒకదానితో నొకటి సంబంధము లేనివని తఱచు అనుకొందురు. ఊరిలో అట్లుండదు. ఒక పొరుగువాడు దగ్గఱ, ఒకడు దూరము. పండుగనాడు అందఱును ఒకేమాఱు మాటాడుదురు. సమబలము గల పదిమంది నడుమ వినుటయు, ఒక బలవంతుని ప్రక్కన వినుటయు ఒకటి కావు. ఊహను ఊహగా చెప్పినంతవరకు దోషము లేదు. ముగింపులో ఆ ఊహను మఱచి సాధారణ సత్యముగా ప్రకటించుట దోషము.

ఇన్ని చెప్పినను ఈ పరిశోధనల విలువను నేను తగ్గింపను. ఏ మజిలీ బలహీనమో దానినే ముందు బాగుచేయుమను వివేకమును ఇవి లెక్కతో నిరూపించినవి. మా విద్యార్థి సంఘసభలో నలుబది నిముషములు తెలుగున మాటాడెను. రేడియో, లేజరు, యాంటెన్నా, డెసిబెలు అట్లే యుంచెను. జంటబాట, వరుసబాట, పరసంకేతము అను మాటలను వాడెను. సభలోని బట్టల వర్తకులొకరు లేచి, "అట్లయిన మన యూరికి జంటబాట కావలెను గాని వరుసబాట కాదు గదా?" అని అడిగిరి. సూత్రము లేకుండ సారమును గ్రహించిన ప్రశ్న యది.

ఒక్క మాటతో ముగింతును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మనము, మన పాఠశాలలు, ఒక విధముగా పునఃప్రసార కేంద్రములమే. మన చుట్టు ఇతర భాషలున్నవి. అవి రొద కావు, వారి వారి యిండ్లలో ప్రియమైన వార్తలు. వానిపై గొంతు పెంచిన మాత్రమున మన పిల్లలకు తెలుగు చేరదు. అందఱును పెంచినచో పది పదకొండును దాటదని లెక్క చూపినది. చేయదగినవి రెండు. మనము మొదట బాగుగా వినవలెను. విన్నదానిని వినినట్లే మ్రోగింపక అర్థము చేసికొని, తప్పులు దిద్ది, ఈనాటి పిల్లవానికి స్పష్టముగా మరల పలుకవలెను. శాస్త్రమును తెలుగున చెప్పుట ఆ పనిలో నొక భాగము. ఇది తెలుగులో చెప్పుటకు లొంగదను మాట మఱి యే విద్యార్థి నోటను వినబడకుండుగాక యని కోరుచున్నాను. లోపములున్నచో విజ్ఞులు సవరింతురుగాక.